గాజుపెట్టెకి రోజూ ఓ పూట తిట్లు

అనౌన్సరమ్మకి రెండు గొంతులు. ఒకటి స్టేషన్‌కి, ఒకటి ఇంటికి.

స్టేషన్ గొంతు వెన్నలా ఉండేది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాటేదాకా మైకు ముందు కూర్చుని, ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఎంత ఆలస్యమో చెప్పేది. ఆ గొంతులో వింటే బండి పూర్తిగా రద్దయిందన్నా జనం గొణుక్కోకుండా వెళ్ళి బెంచీ వెతుక్కునేవారు. డ్యూటీ దిగి, బస్సెక్కి ఇంటికొచ్చి, గుమ్మంలో చెప్పులతో పాటు ఆ గొంతు కూడా విడిచేసేది. ఇక అక్కణ్ణుంచి రెండోది.

"ఎవరూ లేని గదిలో ఫ్యాను ఎవరి కోసం తిరుగుతోంది? తడి తువ్వాలు మంచం మీద ఆరేసిన మహానుభావులెవరు? ఈ గ్లాసు కిటికీలోనే కాపురం పెట్టిందా?"

మొగుడు పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. అత్తగారు చెవి మిషను తీసి కొంగున ముడేసుకునేది. కూతురు మాత్రం మాటకి మాట అప్పజెప్పేది. "కాపురం పెడితే పెట్టిందిలే అమ్మా, నెల తిరిగాక అద్దె అడుగుదాం." ఎదురింటివాళ్ళు ఆ గొంతు వినపడగానే టీనీళ్ళు పొయ్యి మీద పెట్టుకునేవారు. సాయంత్రమైందని తెలియడానికి వాళ్ళకి గడియారంతో పని లేదు.

కూతురు బోర్డులు రాసేది. నిచ్చెనలెక్కి దుకాణాల నెత్తిన రంగులతో అక్షరాలు దిద్దే పని. ఓ రోజు చెప్పుల కొట్టు బోర్డు మీద చివరి అక్షరం సగంలో ఉండగా నిచ్చెన జారింది. మడమ విరిగింది.

ఆ కబురొచ్చినప్పుడు అనౌన్సరమ్మ మైకు ముందుంది. పక్క సీటు గుమాస్తా ఫోనెత్తి విని, వంగి చెవిలో చెప్పాడు. ఆవిడ మొదలుపెట్టిన బండి సంగతి చివరిదాకా చెప్పింది. గొంతు వణకలేదు. "కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని కూడా అంది. అప్పుడు లేచి ఆసుపత్రికి వెళ్ళింది. మంచం మీద పిల్లని చూసి నోరు తెరిస్తే అదే గొంతు వచ్చింది.

"భయపడవలసిన పని లేదు. దయచేసి కదలకుండా పడుకో."

ఇంటికి తెచ్చి హాల్లో మంచం వేశాకా అదే వరస. మొగుడితో, అత్తగారితో, పాలు పోసేవాడితో ఇంటి గొంతే. కూతురి మంచం దగ్గరికి వెళ్ళేసరికి మాట పట్టాలు మారిపోయేది. కావాలని చేసేది కాదు. ఎంత పెనుగులాడినా రెండోది వచ్చేది కాదు.

"అమ్మా, నేను నీ కూతుర్ని. ప్రయాణికురాల్ని కాదు," అంది పిల్ల మొదట్లో. తర్వాత అనడం మానేసింది. ఆ తర్వాత చాలా మానేసింది.

కట్టు విప్పారు. ఎముక అతికింది. ఎక్సర్‌సైజులు చేయించే డాక్టరమ్మ ఇంటికొచ్చి, పాదం అటూ ఇటూ తిప్పి చూసి, చెప్పవలసింది చెప్పింది. "ఇంక కాలు కింద ఆనించాలి. ఈ వానలు తగ్గేలోపు బరువు వెయ్యకపోతే మడమ ఇలాగే బిగుసుకుపోతుంది. అప్పుడు నన్ను పిలిచి లాభం లేదు."

పిల్ల తలూపింది. కాలు మాత్రం దిండు మీంచి దిగలేదు. అడిగితే "రేపు" అనేది. నొప్పా అంటే కాదనేది. "కింద నేల ఉందని నమ్మకం కుదరట్లేదు," అని నానమ్మతో ఒకసారి అందట. అత్తగారు ఆ మాట వంటింట్లోకొచ్చి చెప్పి, వెళ్ళిపోయింది. అనౌన్సరమ్మ గిన్నె తోమిందే తోముతూ నిలబడింది.

మొగుడు లిఫ్టులు బాగుచేసే మనిషి. ఇంట్లో ఏ కష్టం వచ్చినా ఏదో ఒక వస్తువు కొనుక్కొస్తే తీరుతుందని ఆయన నమ్మకం. ఓ సెలవు రోజున వ్యాను ఆగి, అందులోంచి గాజుపెట్టె దిగింది. వెనకాలే ఇనప స్టాండు, లైటు, ఫిల్టరు, మట్టి బస్తా, ఇసక బస్తా.

"ఏంటిది?"

"చేపల తొట్టి. లోపల నిజం మొక్కలు పెంచుతాం. పిల్లకి చూడ్డానికి ఏదో ఒకటి ఉండాలి కదే."

"ఎక్కడ పెడతారు?"

"మంచానికి ఎదురుగా."

"అక్కడ బీరువా ఉంది."

"జరిపితే సరి."

"జరిపితే తలుపు తెరుచుకోదు."

"ఏ తలుపు?"

"రెండూ."

బీరువా జరిగింది. అప్పట్నుంచి చీర కావాలంటే ఆవిడ ఒంటి చెయ్యి సందులో దూర్చి, అందింది లాక్కుని కట్టుకోవడమే.

లిఫ్టులాయన రసమట్టం తెచ్చి స్టాండు నాలుగు మూలలా పెట్టి చూశాడు. ఒక కాలి కింద అట్టముక్క, ఇంకో కాలి కింద అట్టముక్క సగం. అందులో ఆయనకి వంక పెట్టడానికి లేదు. అడుగున మొక్కలకి బలమిచ్చే నల్లమట్టి, దాని మీద మట్టి లేవకుండా ఇసక పరిచాడు. నీళ్ళు పొయ్యడానికి ముందు ఇసక మీద పళ్ళెం బోర్లించి, ఆ పళ్ళెం మీద చెంబుతో మెల్లిగా పొయ్యాలని చేపల కొట్టాయన మరీ మరీ చెప్పాడు. ఈయన బకెట్ ఎత్తి కుమ్మరించాడు. తొట్టి నిండా బురద. అద్దం మీద బురద. బీరువా మీద కూడా.

"పళ్ళెం పెట్టమన్నాడుగా?"

"పళ్ళెం వెతుక్కుంటూ కూర్చుంటే సాయంత్రమవుతుంది."

సాయంత్రమయింది. బురదంతా తోడి, మళ్ళీ మట్టి, మళ్ళీ ఇసక. ఈసారి ఆవిడే అన్నం తినే పళ్ళెం తెచ్చి ఇచ్చింది.

మొక్కలు మూడు రకాలు. ముందు వరసకి సన్నగడ్డి. మధ్యలో వెడల్పాకు మొక్క. దాని వేరు మట్టిలో పూడ్చకూడదు, రాయికి దారంతో కట్టాలి. ఈయన పూడ్చాడు, అది కుళ్ళింది, ఇంకోటి తెచ్చాడు. మూడోది ఎర్రకాడ. అది పిల్ల ఏరుకుంది. పొట్లంలోంచి తీసి, వెలుతురుకి పెట్టి చూసి, "నాన్నా, ఇది నా వైపు మూల నాటు," అంది. అన్ని రోజుల్లో తనంతట తాను అడిగింది అదొక్కటే. అనౌన్సరమ్మ బురద, బీరువా అన్నీ మర్చిపోయి ఒక్క క్షణం అలా చూసింది.

"మరి చేపలు?" అత్తగారు అడిగింది.

"ఇప్పుడే కాదమ్మా. నీళ్ళు కుదుటపడాలి. కంటికి కనపడని క్రిములు పుట్టాలి. చేపల మురికిని తినేది అవే. అవి లేకుండా చేపల్ని వేస్తే బతకవు."

"క్రిములెప్పుడు పుడతాయా అని ఎదురుచూసే కొంప లోకంలో ఇదొక్కటేరా," అందావిడ. అన్నదే కానీ, తొట్టి చీకట్లో ఉంటే బావుండదని వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ లైటు వేసేది. లైటు ఎక్కువసేపు వెలిగితే నాచు పడుతుంది. పడింది. అద్దమంతా పచ్చటి బంక. గడ్డి మీద జుట్టులాంటి నాచు. దానికితోడు నాటిన మొక్కల ఆకులు పల్చబడి, ఉల్లిపొరలా మారి, కరిగిపోవడం మొదలెట్టాయి. కొత్త నీళ్ళకి అలవాటు పడేదాకా అంతేనని కొట్టాయన అన్నాడు. ఎన్నాళ్ళని అడిగితే, మొక్కలకి తెలుస్తుందన్నాడు.

పని మాత్రం అందరిదీ ఆవిడ నెత్తినే పడింది. వారం వారం మూడో వంతు నీళ్ళు తోడాలి. కొత్త నీళ్ళు ముందురోజే పట్టి, క్లోరిన్ మందు వాసన పోయేదాకా నిలవుంచాలి. ఇంట్లో ఉన్న బకెట్లన్నీ నిండి హాల్లో వరసకట్టేవి. అద్దం గీకాలి. ఫిల్టరు స్పాంజి పిండాలి. అదీ కుళాయి కింద కాదు, తొట్టిలోంచి తోడిన నీళ్ళల్లోనే. లేకపోతే పుట్టిన క్రిములు పోతాయిట. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి, స్నానానికి బకెట్ దొరక్క, చెంబు పట్టుకుని తొట్టి ముందు నిలబడింది. వెడల్పాకులు తలలు వేలాడేసుకుని ఉన్నాయి. ఆవిడకి ఒళ్ళు మండింది.

"ఏం రోగం మీకు? మంచి మట్టి వేశాం. మెత్తటి ఇసక వేశాం. ఇంటిల్లిపాదీ నీళ్ళు మానుకుని మీకు పోస్తుంటే, వాడిపోయి నిలబడతారా? ఒంట్లో సత్తువ లేదా, మొహాన సిగ్గు లేదా? కిందటి వారం వచ్చిన ఆకు ఏది? అరిగించుకున్నారా? నిటారుగా నిలబడండి. ఆ నాచు దులుపుకోండి. చచ్చినట్టు పెరగండి."

వెడల్పాకు మెల్లిగా తలెత్తింది. పక్కది కూడా. గడ్డి వరసంతా గాలి వీచినట్టు ఒకసారి ఊగి, సర్దుకుని నిలబడింది. ఆకుల చివళ్ళ నుంచి సన్నటి బుడగలు, దారానికి గుచ్చినట్టు, ఒకదాని వెనక ఒకటి పైకి లేచాయి.

"తిడితే వింటున్నాయే," అన్నాడు మొగుడు పేపరు దించి.

"నువ్వు మాత్రం," అంది అత్తగారు.

పొద్దున్న లేచి చూస్తే ప్రతి మొక్కకీ కొత్త చిగురు. అనౌన్సరమ్మ చూసి, "ఈ బుద్ధి ముందే ఉండాలి," అని స్టేషన్‌కి వెళ్ళిపోయింది.

కొట్టాయనకి చెబితే ఆయనేం ఆశ్చర్యపోలేదు. "కొన్ని తొట్లకి ఎరువు పడుతుందండీ, కొన్నిటికి తిట్లు పడతాయి. రోజుకో పూట చాలు. ఎక్కువైతే మళ్ళీ నాచు పడుతుంది. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, మొక్కుబడి తిట్లు వాటికి అరగవు. మనసుపెట్టి తిట్టాలి."

ఆయన చెప్పింది నిజమేనని ఆవిడ మంచం పట్టిన రోజున తేలింది. జ్వరంతో లేవలేకపోతే ఆ పూట మొగుడు తొట్టి ముందు నిలబడి, గొంతు సవరించుకుని, "ఒసే మొక్కల్లారా, బుద్ధుందా లేదా," అన్నాడు. సాయంత్రానికి రెండాకులు పసుపెక్కాయి. అత్తగారు ప్రయత్నిస్తే మొక్కల్ని వదిలేసి కొడుకుని తిట్టడంలోకి దిగిపోయింది. మర్నాడు అనౌన్సరమ్మ దుప్పటి కప్పుకుని వచ్చి, గోడకి ఆనుకుని నిలబడి, ఇంటి మనుషులందరి తరఫునా ఆ బాకీ తీర్చింది. ఆకులు కోలుకున్నాయి.

ఎదురింటావిడ తన గులాబీ కుండీ తెచ్చి గుమ్మంలో పెట్టింది. "వదినా, మీ నోటి చలవ. దీన్నీ నాలుగు అనండి, మొగ్గ వెయ్యట్లేదు."

"మీ మొక్కని తిట్టడానికి మీకు నోరు లేదా?"

"ఉంది గానీ వదినా, మీ అంత సహజంగా రాదు."

తొట్టి అడవిలా పెరిగింది. నీళ్ళు కుదుటపడ్డాయి. నీలిగీత ఉన్న చిన్న చేపలు వచ్చి గుంపుగా తిరిగాయి. వీధిలోవాళ్ళు కిటికీలోంచి తొంగిచూసి వెళ్ళేవారు.

ఎర్రకాడ ఒక్కటే పెరగలేదు.

కూతురి వైపు మూల, నాటిన రోజున ఎంత ఉందో అంతే ఉంది. కింద ఆకులు రాలాయి. రంగు వెలిసింది. పిల్ల రోజంతా దాన్నే చూస్తూ కూర్చునేది. వానలు తగ్గుముఖం పడుతున్నాయి. డాక్టరమ్మ వచ్చి మడమ తిప్పి, ఈసారి ఏమీ అనకుండా సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ అనకపోవడమే అనౌన్సరమ్మకి నిద్ర లేకుండా చేసింది.

ఒక సాయంత్రం ఆవిడ గడ్డినీ వెడల్పాకుల్నీ వరసగా దులిపి, మూలకి వచ్చేసరికి ఆగి, పక్కకి జరిగిపోయింది.

"అమ్మా, దాన్నెందుకు తిట్టవు?" అంది కూతురు.

"అది నీది. నెమ్మదిగా చెబితే వింటుంది."

"వింటుంది. పెరగట్లేదు."

అనౌన్సరమ్మ అద్దం దగ్గరికి వెళ్ళింది. నోరు తెరిచింది. గడ్డిని అన్న మాటలే, వెడల్పాకుల్ని అన్న మాటలే, నాలిక చివర్నే ఉన్నాయి. బయటికి వచ్చింది మాత్రం ఇది: "ఎర్రకాడ గారు దయచేసి గమనించగలరు."

ఎవరూ నవ్వలేదు. మొగుడు పేపరు ఎత్తుకున్నాడు. పిల్ల మొహం గోడవైపు తిప్పుకుంది. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, కుళాయి విప్పి, ఆ చప్పుడులో కాసేపు నిలబడింది.

ఆ వారం నీళ్ళు మార్చే పని మొగుడు నెత్తినేసుకున్నాడు. గొట్టం ఒక కొన తొట్టిలో ముంచి, రెండో కొన నోటితో పీల్చి, నోట్లోకి వచ్చిన నీళ్ళు ఉమ్మి, కొనని బకెట్‌లో పడేశాడు. సరిగ్గా అప్పుడు ఫోనొచ్చింది. పక్కవీధిలో లిఫ్టులో ఎవరో ఇరుక్కుపోయారు. "ఇప్పుడే వస్తా," అని ఆయన చెప్పులేసుకుని పరుగెత్తాడు. గొట్టం గొట్టం పనిలోనే ఉంది. అత్తగారు లోపలి గదిలో చెవి మిషను తీసేసి కునుకు తీస్తోంది.

అనౌన్సరమ్మ గుమ్మంలో చెప్పులు విడిచింది. విడిచిన చెప్పులు తేలాయి.

బకెట్ పొంగి హాలంతా పారుతోంది. తొట్టి సగానికి దిగింది. నీలిగీత చేపలన్నీ అడుగున ఒక మూల కుక్కుకున్నాయి. నీళ్ళు తగ్గిపోయి వెడల్పాకులు ఒకదాని మీదొకటి ఒరిగిపోయాయి. ఎర్రకాడ వేరుతో సహా ఊడి, ఇసక మీద పక్కకి పడి ఉంది. మంచం మీద కూతురు దిండు మీద కాలు పెట్టుకుని చూస్తోంది. మంచానికీ గొట్టానికీ మధ్య నాలుగడుగుల దూరం.

"నానమ్మని పిలిచాను. వినపడలేదు," అంది పిల్ల.

"పర్వాలేదు," అంది స్టేషన్ గొంతు. "ఆందోళన చెందవద్దు. దయచేసి నువ్వు కదలకు."

"అలాగే," అంది కూతురు.

ఆ 'అలాగే' అనౌన్సరమ్మకి ఎక్కడో తగిలింది. ఈ పిల్ల పుట్టి ఇంతదయ్యేదాకా ఏనాడూ అలాగే అన్నది కాదు. పాలు తాగమంటే ఎందుకంది. బడికి వెళ్ళమంటే ఎందుకంది. నిచ్చెనెక్కొద్దంటే నువ్వే ఎక్కి రాస్తావా అంది. ఇప్పుడు నీళ్ళ మధ్య, ముడుచుకుని కూర్చుని, పరాయివాళ్ళింటికి వచ్చిన పిల్లలా, అలాగే అంటోంది.

ఆవిడ నోరు తెరిచింది. ఒకసారి దగ్గింది. మొదటి మాట గాలిలా వచ్చింది. రెండోది మాటలా వచ్చింది.

"ఏంటే అలాగే? ఇల్లు చెరువవుతుంటే మహారాణిలా చూస్తూ కూర్చుంటావా? నాలుగడుగుల దూరం లేదు గొట్టం. ఎన్నాళ్ళే ఈ దిండు మీద కాలు? ఆ దిండుకి విసుగు పుట్టింది, నీకు పుట్టలేదా? డాక్టరమ్మ మొహమాటపడి నోరు మూసుకుని వెళ్ళిపోయింది. అడిగినప్పుడల్లా రేపంటావు, ఎన్ని రేపులున్నాయే నీ దగ్గర, గోదాములో పోసి తాళమేశావా? ఆ చెప్పుల కొట్టు బోర్డు మీద సగం అక్షరం, రోజూ రెండుసార్లు కనపడుతుంది నాకు బస్సులోంచి. దాన్ని చూడలేక వెళ్ళేటప్పుడు అటువైపు, వచ్చేటప్పుడు ఇటువైపు తల తిప్పుకుంటున్నాను. తిప్పి తిప్పి మెడ పట్టేసింది. నేల ఉందో లేదోనట. పడ్డ రోజున నిన్ను పట్టుకుంది నేల కాదటే? లేకపోతే ఎక్కడిదాకా పోయేదానివి? ఆ నేలే ఇది. ఎక్కడికీ పోలేదు. దిగు. దిగి ఆ గొట్టం ఎత్తు."

వీధిలో ఎదురింటివాళ్ళు టీనీళ్ళు పొయ్యి మీద పెట్టారు.

గొట్టం తనే ఎత్తొచ్చని ఆవిడకి తోచలేదు. నడుం మీద చేతులేసుకుని నిలబడింది. పిల్ల తల్లి మొహంలోకి చూసింది. చాలా సేపటి తర్వాత ఇల్లు చేరినవాళ్ళు గుమ్మాన్ని చూసినట్టు చూసింది. దిండు మీంచి కాలు జరిపింది. వేళ్ళు నీళ్ళని తాకాయి. పాదం నీళ్ళలోకి దిగింది. మడమ నేలకి ఆనింది.

ఆ పాదం చుట్టూ, చీలమండ పక్క నుంచి, వేళ్ళ సందుల్లోంచి, సన్నటి బుడగలు లేచాయి. దారానికి గుచ్చినట్టు, ఒకదాని వెనక ఒకటి.

"అరుస్తున్నావేంటమ్మా, వస్తున్నాగా," అంది పిల్ల.

మంచం పట్టె వదిలింది. ఒక అడుగు వేసింది. మొహం నొప్పితో ముడుచుకుంది. "నిటారుగా," అంది తల్లి. ఇంకో అడుగు వేసింది. అడుగు పడ్డ ప్రతిచోటా బుడగలు. బకెట్ దగ్గరికి చేరి, వంగి, గొట్టం కొన ఎత్తి పట్టుకుంది. పారకం ఆగింది.

"ఇంక దీన్నేం చెయ్యను? సాయంత్రం దాకా ఇలాగే పట్టుకోనా? మీ ఆయన వదిలేసి పోతే నన్ను తిడతావేంటి?"

"మా ఆయన వచ్చాక ఆయన వంతు ఉందిలే. తొట్టిలో పడెయ్ ఆ కొన. పడేసి ఆ ఎర్రకాడ నాటు. ఒక్క మొక్కని చూసుకోవడం చేతకాలేదు. దానికి నీ బుద్ధులే వచ్చాయి."

పిల్ల తొట్టిలో మోచేతి దాకా చెయ్యిపెట్టి, ఒంటికాలి మీద బరువేసి నిలబడి, ఎర్రకాడని ఇసకలో గుచ్చింది. రెండో కాలు కూడా నేల మీదే ఉంది.

అత్తగారు కళ్ళు నులుముకుంటూ వచ్చి, చెవి మిషను పెట్టుకుని, నీళ్ళూ బుడగలూ నిలబడ్డ మనవరాల్నీ చూసింది.

"ముందు తుడవండే," అంది. "ఎవరైనా జారితే మళ్ళీ మొదటికొస్తుంది."

వానలు తగ్గాయి. ఎర్రకాడ అద్దం పై అంచు దాకా ఎదిగింది, ఓసారి కత్తిరించాల్సి వచ్చింది కూడా. డాక్టరమ్మ ఇంక రానక్కర్లేదని చెప్పి వెళ్ళింది.

తర్వాత ఒక మధ్యాహ్నం అనౌన్సరమ్మ బస్సులో వస్తూ, చెప్పుల కొట్టు దగ్గర, తల తిప్పుకోవడం మర్చిపోయింది. బోర్డు నిండుగా ఉంది. చివరి అక్షరం రంగు ఇంకా తడిగా మెరుస్తోంది. నిచ్చెన గోడకి ఆనించి ఉంది, దాని కింద రంగు డబ్బాలు. బస్సు మలుపు తిరిగేదాకా ఆవిడ కిటికీలోంచి వెనక్కి చూస్తూనే ఉంది. పక్కసీటావిడ "ఏమైందండీ?" అని అడిగితే కళ్ళల్లో దుమ్ము పడిందంది.

ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు విడిచింది. మెట్ల మీద రంగు చేతులు రుద్దుకుంటూ కూతురు వస్తోంది, కొంచెం కుంటుతూ.

"ఆ చివరి అక్షరం ఒక్కటే కిందికి జారినట్టుందేం?" అంది అనౌన్సరమ్మ. "మిగతావన్నీ ఓ వరసలో ఉంటే దానికేం రోగం?"